అలంపుర ఆలయాలు

పాఠ్యభాగ సందర్భం

మన పూర్వుల చరిత్రను గ్రంథాలతో పాటు శిలలు కూడా భద్రపరచాయి. ఆ శిలలను కాపాడుకొనే బాధ్యత ప్రతి తరానిదీ. ఈ విషయాన్ని అలంపుర క్షేత్ర చరిత్ర ద్వారా తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

తుంగభద్రానది ఎడమగట్టున, కర్నూలు నగరానికి చేరువలో వెలసిన చిన్న పట్టణం అలంపురం. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం 2016 నుండి తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. తుంగభద్ర ఇక్కడ ఉత్తరవాహినియై ప్రవహించి, కొంతదూరం సాగిన పిదప కూడవెల్లి వద్ద కృష్ణానదిలో సంగమిస్తుంది. శ్రీశైల మహాక్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని సంప్రదాయం చెబుతున్నది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, ఉత్తరాన ఉమామహేశ్వరం ఉండగా, పడమటి ద్వారం అలంపురం. ప్రాచీన శాసనాలలో ఈ ఊరి పేరు హతంపురమని కనిపిస్తుంది. హలంపురమనే వ్యవహారం కూడా ఉండేది.

క్రీ.శ. 6వ శతాబ్దం నుండి 8వ శతాబ్దం మధ్యభాగం వరకు దక్కనును పాలించినవారు బాదామి చాళుక్యులు. బాదామి, ఐహోళె, పట్టదకల్లులలో శిల్పకళను పోషించిన ఆ వంశమే తుంగభద్రాతీరంలోనూ ఆలయాలను నెలకొల్పింది. అవే నవబ్రహ్మాలయాలు. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ అనేవి వాటి పేర్లు. ఇవి 7, 8 శతాబ్దాల నాటి కట్టడాలు. వీటిలో స్వర్గబ్రహ్మాలయం వినయాదిత్యుని పాలనాకాలంలో, అనగా 7వ శతాబ్దం చివరి పాదంలో నిర్మితమైనదని శాసనం వలన తెలుస్తున్నది.

పేర్లలో బ్రహ్మ శబ్దం ఉన్నప్పటికీ ఇవన్నీ శివాలయాలే. బ్రహ్మదేవుడు ఇక్కడ తపస్సు చేసి శివుని ప్రసన్నుని చేసుకొన్నాడని, అందువల్లనే ఇక్కడి శివలింగాలకు బ్రహ్మేశ్వర నామం కలిగిందని స్థలపురాణం. రససిద్ధుడనే యోగి గాథ కూడా ఈ ఆలయాలతో ముడిపడి ఉన్నది. నేటికీ ప్రధానంగా పూజలందుకొంటున్నది బాలబ్రహ్మేశ్వరుడు.

తెలుగునాట కనిపించే ఆలయాలలో అధికభాగం ద్రావిడ శైలికి చెందినవి. ఆ శైలిలో విమానం అంతస్తులు అంతస్తులుగా పైకి లేస్తుంది. అలంపుర ఆలయాలు అందుకు భిన్నమైనవి. ఇక్కడి శిఖరం నాలుగు వైపుల నుండి మెల్లగా లోపలికి వంగుతూ సాగి, పైన ఉసిరికకాయను పోలిన ఆమలకంతో ముగుస్తుంది. ఇది ఉత్తరాపథంలో ప్రసిద్ధమైన నాగర శైలి. గర్భగృహం చుట్టూ కప్పుతో కూడిన ప్రదక్షిణపథం, దాని ముందు స్తంభాల వరుసలతో మండపం ఈ ఆలయాలలో కనిపిస్తాయి. తొమ్మిదింటిలో తారకబ్రహ్మాలయం ఒక్కటే ద్రావిడ శిఖరంతో ఉండటం విశేషం. ఉత్తర దక్షిణ శైలులు రెండూ ఒకే ప్రాంగణంలో నిలిచిన అరుదైన తావులలో అలంపురం ఒకటి. స్వర్గబ్రహ్మాలయపు గోడలపై దిక్పాలకుల మూర్తులు, శివుని వివిధ రూపాలు ఆనాటి శిల్పుల ప్రతిభకు నిదర్శనాలు.

చాళుక్యుల తరువాత రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యులు, కాకతీయులు, విజయనగర ప్రభువులు, గోల్కొండ సుల్తానులు ఈ ప్రాంతాన్ని ఏలారు. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటిగా ప్రసిద్ధి చెందిన జోగులాంబ ఆలయం 14వ శతాబ్దంలో ధ్వంసమైనదని చెబుతారు. అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మాలయంలో భద్రపరచి, శతాబ్దాల తరబడి అక్కడనే అర్చించారు. 2005లో నూతన ఆలయం పూర్తి కావడంతో దేవి తిరిగి తన నెలవుకు చేరుకొన్నది. ఆలయాల చెంతనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. అందువల్ల ఈ పట్టణం భిన్న మతాల యాత్రికులకు గమ్యమైంది.

రాజ్యాలు మారినా నిలిచిన ఈ కట్టడాలకు 20వ శతాబ్దంలో మరొక పరీక్ష ఎదురైంది. కృష్ణానదిపై శ్రీశైలం వద్ద 1960లో ఆనకట్ట నిర్మాణం మొదలైంది. విద్యుత్తుకూ సాగునీటికీ అది ఎంతో అవసరమైన ప్రాజెక్టు. అయితే జలాశయం నిండినప్పుడు వందకు పైగా గ్రామాలు మునిగిపోతాయని తేలింది. వాటితో పాటు నదీతీరాలలోని ప్రాచీన ఆలయాలు కూడా మునుగుతాయి. కూడవెల్లిలోని సంగమేశ్వరాలయం, అలంపురం చెంతనున్న పాపనాశి ఆలయాలు అటువంటివి.

పురావస్తు నిపుణులు ఆ ఆలయాలను విప్పి, వేరొకచోట తిరిగి కట్టడానికి పూనుకొన్నారు. అది మిక్కిలి ఓర్పుతో చేయవలసిన పని. మొదట ఆలయం కొలతలు తీసుకొని, చిత్రాలు గీసి, ప్రతి రాతికీ ఒక సంఖ్య వేయాలి. శిఖరం నుండి పునాది వరకు వరుసగా విప్పాలి. ఆ రాళ్ళను తరలించి, పునాది నుండి శిఖరం వరకు అదే వరుసలో మరల పేర్చాలి. ఒక్క రాయి తారుమారైనా పై వరుస కుదరదు. ఈ విధంగా కూడవెల్లి సంగమేశ్వరుడు అలంపురానికి తరలివచ్చాడు. పాపనాశి ఆలయాలు కూడా అలాగే మెరకకు చేరాయి. నవబ్రహ్మాలయాలను కదిలించలేదు. పట్టణానికీ నదికీ నడుమ రక్షణగా ఎత్తైన గోడ కట్టారు. అయినప్పటికీ 2009 అక్టోబరులో వచ్చిన మహావరద అలంపురాన్ని ముంచెత్తింది. రక్షణ అనేది ఒకనాటితో ముగిసే పని కాదని ఆ వరద హెచ్చరించింది.

ఇక్కడ ఆలోచించదగిన విషయం ఒకటున్నది. ఆలయాన్ని తరలించవచ్చును గాని సంగమాన్ని తరలించలేము. రెండు నదులు కలిసే చోట వెలసినందువల్లనే ఆ దేవునికి సంగమేశ్వరుడనే పేరు వచ్చింది. నేడు ఆ ఆలయం చెక్కుచెదరని శిల్పాలతో నిలిచి ఉన్నది. కాని దానికి పేరునిచ్చిన సంగమస్థలం జలాశయంలో కలిసిపోయింది. అక్కడ తరతరాలుగా నివసించినవారు ఇండ్లనూ పొలాలనూ వదలి వెళ్ళవలసివచ్చింది. రాళ్ళకు సంఖ్యలు వేసి తిరిగి పేర్చవచ్చు. చెదరిన ఊరిని అదే రీతిలో తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు. ప్రగతి కోసం మనం ఏమి పొందామో, ఏమి విడిచామో ఈ ఆలయం ఏకకాలంలో తెలుపుతున్నది.

అలంపుర చరిత్రను లోకానికి తెలియజేసిన పండితులలో గడియారం రామకృష్ణశర్మ అగ్రగణ్యులు. అలంపురాన్నే నివాసం చేసుకొని, ఇక్కడి ఆలయాలను, శాసనాలను ఆయన జీవితాంతం పరిశోధించారు. ఆయన స్వీయచరిత్ర ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన వంటివారి కృషి లేకపోతే ఇక్కడి శాసనాలు చదివే దిక్కులేని రాళ్ళుగానే మిగిలిపోయేవి.

శిల్పి చెక్కినప్పుడు రాయి శిల్పమవుతుంది. తరువాతివారు దాని విలువను గుర్తించినప్పుడు ఆ శిల్పం చరిత్ర అవుతుంది. మన ఊళ్ళలోనూ పాత గుళ్ళు, శిథిల మండపాలు, అక్షరాలు చెరిగిన రాతిపలకలు ఉండవచ్చు. వాటిపై సున్నం పూయకుండా, పేర్లు చెక్కకుండా, వాటి కథను పెద్దలనడిగి తెలుసుకొనడమే అలంపురం విద్యార్థులకు నేర్పే పాఠం.

అభ్యాసాలు

1. నవబ్రహ్మాలయాల నిర్మాణ విశేషాలను వివరించండి.
2. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తరలించవలసిన అవసరం ఎందుకు కలిగింది? తరలించిన విధానాన్ని తెలపండి.
3. ‘ఆలయాన్ని తరలించవచ్చును గాని సంగమాన్ని తరలించలేము.’ ఈ వాక్యంలోని భావాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని ఒక ప్రాచీన కట్టడాన్ని దర్శించి, దానిని గురించి ఒక వ్యాసం రాయండి.