పోటీ పరీక్షల ప్రత్యేకం: దుకాణం ఆస్తుల విలువ తగ్గితే నష్టమెంత?

మునగపాక కిరాణా కొట్టులో బెల్లం ధర పడిపోవడం వేరు, ఫ్రీజర్ విలువ పడిపోవడం వేరు. సరుకుకు ఇండ్ ఏఎస్ (భారతీయ అకౌంటింగ్ ప్రమాణం) 2 ప్రకారం కొన్న ఖర్చు, నికర అమ్మకపు విలువల్లో తక్కువది రాయాలి. స్థిర ఆస్తులకు ఇండ్ ఏఎస్ 36 ప్రకారం, అమ్మకపు ఖర్చులు పోను సముచిత విలువ, వాడకపు విలువ (భవిష్యత్ నగదు రాబడుల నేటి విలువ) ఈ రెంటిలో ఎక్కువదే రాబట్టదగిన మొత్తం. సరుకుకు తక్కువది, స్థిర ఆస్తులకు ఎక్కువది అనే ఈ తేడా సబబైనదే: సరుకు అమ్మడానికే ఉంది, సామగ్రిని అమ్మాలా, వాడాలా అన్నది యజమాని ఇష్టం. పుస్తక విలువ 10 లక్షలు, అమ్మితే 6, వాడితే 8 అనుకుంటే రాబట్టదగిన మొత్తం 8, కాబట్టి నష్టం 2 లక్షలే. అభ్యర్థులు తడబడకుండా చూసుకోవాల్సింది ఇక్కడే.

అమ్మితే 6 లక్షలే వస్తుంటే మరో 2 లక్షల నష్టం దాచినట్టు కాదా? కాదు, లాభసాటిగా వాడుతున్నదాన్ని ఎవరూ అమ్ముకోరు. పైగా ఇండ్ ఏఎస్ 113 చెప్పే సముచిత విలువ సక్రమ లావాదేవీలో వచ్చే ధర, గత్యంతరం లేక తెగనమ్మిన ధర కాదు. ఇండ్ ఏఎస్‌లు చిన్న కొట్లకు వర్తించవన్న మాట నిజమే. ప్రధానంగా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలకు, 250 కోట్లు లేదా అంతకు మించిన నికర విలువ ఉన్న కంపెనీలకు అవి తప్పనిసరి. మిగతా కంపెనీలకు వర్తించే ఏఎస్ 28లోనూ మూలసూత్రం ఇదే. పరిస్థితి మెరుగై రాబట్టదగిన మొత్తం అంచనా పెరిగితే నష్టాన్ని వెనక్కి రాయాలి. ఇండ్ ఏఎస్ 36 కింద గుడ్‌విల్‌కు మాత్రం ఆ వీలు లేదు.