రెండు మీటలు, ఒక తలుపు

రుఆబాంధాలోని మా క్వార్టర్‌లో ఒక సాయంత్రం ఏడో తరగతి చదివే మా తమ్ముడు "అక్కా, ఇటు రా!" అని కేకేశాడు. మైన్‌క్రాఫ్ట్‌లో వాడు కట్టిన ఇంటి తలుపు రెండు మీటలూ వేస్తేనే తెరుచుకుంటోంది. ఒక్కటే వేస్తే కదలదు.

ఆ ఆటలో రెడ్‌స్టోన్ అనే ఎర్రపొడి కరెంటు తీగలా పనిచేస్తుంది. ఒక దిమ్మకు రెడ్‌స్టోన్ కాగడా తగిలించి, ఆ దిమ్మకు కరెంటు ఇస్తే కాగడా ఆరిపోతుంది. అంటే అది నాట్ గేటు. తమ్ముడు రెండు మీటలకు రెండు కాగడాలు పెట్టి, ఆ రెండు తీగలనూ కలిపి మూడో కాగడా ఉన్న దిమ్మకు ఇచ్చాడు. మొదటి రెండూ ఆరితేనే మూడోది వెలుగుతుంది. నేను పదకొండో తరగతిలో బట్టీపట్టిన డీ మోర్గాన్ సూత్రం అదే! పరీక్షలో మార్కులు వచ్చాయి కానీ, అది దేనికి పనికొస్తుందో నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న చూసి, కొన్ని ప్రెస్ యంత్రాలూ ఇంతేనన్నారు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే కదులుతాయట. చెయ్యి లోపల ఉండిపోకుండా.

వాడికి ఇదెవరూ పాఠం చెప్పలేదు. పదిసార్లు తప్పు కట్టాడు, పీకేశాడు, మళ్ళీ కట్టాడు. నష్టమేమీ లేదు. నిన్న సగంలో వదిలింది ఇవాళ అక్కడే ఉంది. మన తరగతి గదిలో పీరియడ్ అయితే బోర్డు తుడిచేస్తాం, ల్యాబ్‌లో గంట కొడితే సర్క్యూట్ విప్పేస్తాం.

అలాగని కంప్యూటర్ లోకమైతే చాలదు. 2003లో అమెరికాలో మొదలైన సెకండ్ లైఫ్‌లో విశ్వవిద్యాలయాలు కూడా స్థలాలు తీసుకున్నాయి. మనిషి బొమ్మ గాలిలో ఎగరగల ఆ లోకంలో కొన్నిచోట్ల వరుసగా కుర్చీలు వేసి, ముందు తెర పెట్టి, ఉపన్యాస మందిరాలే కట్టారు! కాళ్ళు నొప్పి పుట్టని చోట కుర్చీ ఎందుకో నాకు అర్థం కాలేదు.

తమ్ముడి దగ్గరా ఒక లోటుంది. తలుపు ఎందుకు తెరుచుకుంటోందో చెప్పమంటే నీళ్ళు నమిలాడు. కాగితం మీద నాలుగు వరుసల ట్రూత్ టేబుల్ నేనే గీసి చూపించాల్సి వచ్చింది. ఆట చెయ్యిస్తుంది, పేరు పెట్టి చెప్పడానికి పక్కన ఒకరుండాలి.

మా ల్యాబ్‌లో ఒక్క బల్లైనా విప్పకుండా వదిలే సర్క్యూట్లకు ఇస్తే బాగుండునని నా కోరిక. కింది తరగతుల పిల్లలు వచ్చి చూస్తారు, వేలు పెడతారు, పాడుచేస్తారు కూడా. చేయనివ్వండి.

ఇప్పుడు వాడు మూడు మీటల తలుపు కడుతున్నాడు. ఈసారి ఎనిమిది వరుసల పట్టిక వాణ్ణే గీయమన్నాను. ఐదో వరుసలో ఆగాడు.