పెరటి తోటలో ఒక వానాకాలం

పదో తరగతిలో పువ్వు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే మనమంతా. ఆ బొమ్మకూ కూరగిన్నెకూ ఉన్న సంబంధం మాత్రం పరీక్షలో అడగరు. మా ఇంట్లో డిగ్రీ దాకా రావడం మాతోనే మొదలు. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతూ, పోయిన వానాకాలం ఇంటి వెనుక ఎనభై గజాల జాగాలో అమ్మతో కలిసి కూరగాయలు పెట్టాం. అమ్మది కూలి పని. వానాకాలంలో టమాట ధర పెరిగితే మా ఇంట్లో కొన్నాళ్లు పచ్చిపులుసే. కాబట్టి ఇది సరదా తోట కాదు. ఏది పండింది, ఏది పోయింది, ఎందుకు అన్నది ఇక్కడ రాస్తున్నాం.

మృగశిర కార్తె తొలి వానకు తోటకూర, గోంగూర చల్లాం. నెల తిరగకముందే తోటకూర కోతకు వచ్చింది. తోటకూర సి4 మొక్క. అంటే ఎండ, వేడి ఎక్కువగా ఉన్నా కార్బన్ డయాక్సైడును సమర్థంగా పట్టుకుని, తక్కువ నీటితో త్వరగా పెరుగుతుంది. జొన్న, మొక్కజొన్న, చెరకు ఇదే వర్గం. వరి సి3. ఇంకొక మాట. ఆకుకూరలో ఇనుము ఉన్నా మన శరీరం దానిని కొద్దిగానే తీసుకుంటుంది. విటమిన్ సి తోడైతే ఎక్కువ తీసుకుంటుంది. అందుకని పప్పు వడ్డించాక నిమ్మకాయ పిండుకోవాలి. ఉడికేటప్పుడు పిండితే వేడికి ఆ విటమిన్ చాలావరకు పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు కూడా ఇనుముకు అడ్డమే.

టమాటలో దెబ్బతిన్నాం. ఎత్తు మడి చేసి నారు పోస్తే, మొలకలు వచ్చిన వారానికి ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. మొలకలు నేల దగ్గర మెత్తబడి వాలిపోయాయి. దీన్ని నారుకుళ్లు తెగులు అంటారు. పితియం వంటి సూక్ష్మజీవులు తడి నేలలో విజృంభించి కాండాన్ని కుళ్లబెడతాయి. రెండోసారి నారు పోసి ఒక శాతం బోర్డో మిశ్రమంతో మడి తడిపాం. లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. రెండూ వేర్వేరుగా కరిగించి కలపాలి. ఇనుప బకెట్టు వాడకూడదు. మైలుతుత్తం ద్రావణంలో ఇనుప మేకు వేస్తే రాగి పూత పడే ప్రయోగం గుర్తుందా, కారణం అదే. ఈ మందు కథ కూడా తమాషాగా ఉంటుంది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్ష పళ్లు దొంగిలించకుండా రైతులు ఇలాంటి నీలిరంగు పూత చల్లేవారు. పూత పడిన తీగలకు తెగులు రాకపోవడం గమనించిన మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో ఈ మిశ్రమాన్ని ప్రకటించాడు. మా రెండో నారు బతికింది కానీ, కాయ పండే వేళ పెద్ద వానలు పడి చాలా కాయలు పగిలాయి. లెక్క చూస్తే టమాట నష్టమే.

బెండ అంతకన్నా ఘోరం. ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారాయి, కాయలు పాలిపోయి పీచుబారాయి. ఇది పల్లాకు తెగులు. వైరస్ వల్ల వస్తుంది, తెల్లదోమ మోసుకు తిరుగుతుంది. వచ్చాక మందు లేదు. పీకి కాల్చేశాం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన అర్క అనామిక దీనిని కొంత తట్టుకునే రకం. ఈసారి ఆ విత్తనమే చూస్తున్నాం. వంగలో వాలిన కొమ్మల కొనలను పురుగుతో సహా తుంచి పారేస్తూ, వేపగింజల కషాయం కొట్టాం. లీటరు నీటిలో 50 గ్రాముల గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. పుచ్చులు పోగా ఇంటికి సరిపడా కాయలు దక్కాయి.

సొరపాదు సంగతి వేరు. పందిరి నిండా తెల్లటి పూలు, కాయ మాత్రం లేదు. దిష్టి తగిలిందని పక్కింటి పెద్దమ్మ పాత చెప్పు కట్టించింది. సొరకు మగపూలు, ఆడపూలు వేరువేరు. ముందు మగపూలే వస్తాయి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. పైగా సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, పగటి తేనెటీగలకు అందదు. రాత్రి తిరిగే చిమ్మటలు రావాలి. అవి రాకపోతే పిందె పసుపుబారి రాలుతుంది. పొద్దుగూకాక మగపువ్వు కోసి, రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రానికి అద్దాం. అమ్మ నవ్వింది. వారానికి పిందెలు నిలిచాయి. ఆ తర్వాత సాయంత్రం పూట అద్దే పని అమ్మే చేసింది. పెద్దమ్మ ఇప్పటికీ చెప్పు మహిమే అంటుంది, మేం కాదనలేదు.

చిక్కుడు తీగ దసరా దాకా పందిరంతా పాకింది, పువ్వు లేదు. పీకేద్దామంటే అమ్మ ఆపింది, చలి పడనీ అంది. చిక్కుడు హ్రస్వదిన మొక్క. రాత్రుళ్లు పొడుగైతేనే పూస్తుంది. మొక్క పగలు రాత్రుల కొలతను బట్టి పూస్తుందని గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1920లో పొగాకు, సోయా మీద పరిశోధించి రాశారు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసే మన ఇళ్లల్లో ఆ కాయ ఏ కాలానిదో ముందే తెలుసు. కార్తీకంలో పూత మొదలై సంక్రాంతి దాటాక కూడా కాసింది. కొనలకు పేనుబంక పడితే అక్షింతల పురుగులు వచ్చి తిన్నాయి, మందు కొట్టలేదు.

గోంగూర, చిక్కుడు, సొర గింజలు నీడన ఆరబెట్టి బూడిదలో కలిపి దాచాం. అవి మా దగ్గరి నాటు రకాలు. హైబ్రిడ్ గింజలు దాచి వేస్తే తల్లి మొక్కలాంటి పంట రాదు. మన హాస్టల్లో పళ్లేలు కడిగే చోటు నుండి పారే నీళ్లు గోడ వెంట ఊరికే పోతున్నాయి. ఆ గోడ పక్కన చిక్కుడుకు పందిరి వేయవచ్చు. సబ్బు నీళ్లను మాత్రం ఆకుకూర మడికి పెట్టవద్దు. వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మూడు రకాల గింజలూ తెస్తాం. తొమ్మిదో తరగతి తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు ముందుకొస్తే చాలు, వాళ్లు పదిలోకి వచ్చేసరికి ఒక కాపు చూస్తారు.