బొమ్మ కింద పేరు



వార్షికోత్సవానికి మన హాస్టల్ భోజనాల హాలులో ఆకుల ముద్రలు, చెట్ల బొమ్మలతో ఒక ప్రదర్శన పెడదామనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు. ఖర్చు పెద్దగా ఉండదు. డ్రాయింగ్ షీట్లు, నాలుగు రంగుల సీసాలు చాలు. మిగతావి నందిగామ పొలం గట్ల మీదా, జగ్గయ్యపేట గుట్టల మీదా దొరుకుతాయి.

ముద్రకు లేత ఆకు పనికిరాదు. ముదురు ఆకును కాసేపు బరువైన పుస్తకంలో పెట్టి అదమాలి. ఈనెలు ఆకు వెనుక వైపు ఉబ్బెత్తుగా ఉంటాయి కనుక రంగు అటువైపే, అదీ పలుచగా పూయాలి. ఎక్కువైతే ఈనెలు మునిగిపోయి ఆకు కాస్తా మరక అవుతుంది. (మొదటి రెండు మూడు షీట్లు ఎవరికైనా పాడవుతాయి, దిగులు పడకండి.) రంగు పూసిన వైపు కాగితం మీద బోర్లించి, పైన పాత పేపరు వేసి, మధ్య నుంచి అంచులకు వేళ్లతో ఒత్తాలి. వేప, రావి, మోదుగ బాగా పడతాయి. వంటగదిలో అడిగి ఒక బెండకాయ తెచ్చుకుని అడ్డంగా కోస్తే పువ్వు అచ్చు సిద్ధం.

మోదుగ అన్నాను కనుక ఒక సంగతి చెప్పాలి. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్నాడు. మన తీరపు మొక్కలపై ఆయన రాసిన పుస్తకం 1795లో మొదలై మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. అందులో 300 బొమ్మలు. రేకులపై చెక్కి అచ్చు వేసి, చేత్తో రంగులద్దినవి. మన మోదుగ కూడా అందులో ఉంది. ఆ బొమ్మలకు మూలచిత్రాలు గీసినవారు ఆయన జీతమిచ్చి పెట్టుకున్న ఈ దేశపు చిత్రకారులు. మొక్కల తెలుగు పేర్లు పుస్తకానికి ఎక్కాయి గాని, గీసినవారి పేర్లు ఎక్కలేదు!

అంతకు పదిహేను వందల ఏళ్ల ముందు మన జగ్గయ్యపేటలో జరిగింది వేరు. ఊరి పక్క దిబ్బను 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించగా బౌద్ధ స్తూపం బయటపడింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యో ఏట వేయించిన శాసనం అక్కడ దొరికింది. అయిదు ఆయక స్తంభాలు నిలిపినవాడు నాకచందుని కొడుకు సిద్ధార్థుడని అందులో ఉంది. తండ్రీ కొడుకులిద్దరూ పనివాళ్లే, చేతివృత్తివారే. రాజు పేరున్న రాతి మీదనే వాళ్ల పేర్లూ ఉన్నాయి.

కనుక తమ్ముళ్లూ, ప్రతి షీటు కింద ఎడమ మూల చెట్టు పేరు, ఆకు కోసిన చోటు, తేదీ రాయండి. మీ ఊళ్లో ఆ చెట్టును మరో పేరుతో పిలిస్తే అదీ రాయండి. కుడి మూల మీ పూర్తి పేరు, తరగతి, ఊరు. ఆకు తెచ్చినవాడు వేరైతే వాడి పేరు కూడా. స్కెచ్ పెన్ను మాత్రం వాడకండి, గోడ చెమ్మకు అక్షరాలు పారిపోతాయి. పెన్సిల్ అయితే నిలుస్తుంది.