గుడ్డులో నెత్తురు పుట్టిన రాత్రి

కోడిని పొదగేస్తే 21 రోజులకు పిల్లలవుతాయి. మధ్యలో, రెండు మూడు రోజులకే ఒక గుడ్డు పగిలిందనుకోండి. పచ్చసొన మీద సన్నని ఎర్ర దారాలు కనిపిస్తాయి. అవి నెత్తురు నాళాలు. పొదగేసిన రోజు ఆ గుడ్డులో చుక్క నెత్తురు లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ సంగతి కళ్ళారా చూసి చెప్పిన డాక్టరమ్మ పేరు ఫ్లారెన్స్ సాబిన్.

ఆమె 1871లో అమెరికాలో పుట్టింది. తండ్రి గనుల్లో ఇంజనీరు. ఆమెకు ఏడేళ్ళప్పుడు తల్లి పురిటి జబ్బుతో పోయింది.

అప్పట్లో ఆడవాళ్ళకు డాక్టరు చదువు దొరకడమే కష్టం. బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల పెట్టాలనుకున్నారు. డబ్బు చాల్లేదు. కొందరు ఆడవాళ్ళు చందాలు పోగుచేసి ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు. మగపిల్లలతో సమానంగా ఆడపిల్లల్నీ చేర్చుకోవాలని షరతు పెట్టారు. 1893లో కళాశాల మొదలైంది. సాబిన్ మూడేళ్ళు పంతులమ్మగా పనిచేసి, ఫీజు కూడబెట్టుకుని 1896లో చేరింది. 1900లో డాక్టరయింది.

మనిషి ఒంట్లో ఏ భాగం ఎక్కడుంది, ఎలా ఉంది అని చెప్పే చదువును శరీర నిర్మాణ శాస్త్రం అంటారు. శవాన్ని కోసి చూసి దీన్ని నేర్చుకోవాలి. ఆడవాళ్ళు ఈ పని చెయ్యలేరని చాలామంది అనేవాళ్ళు. పురుళ్ళు పోసేదీ, మంచాన పడ్డవాళ్ళకు ఎత్తిపోసేదీ ఆడవాళ్ళే. ఆ సంగతి మాత్రం వాళ్ళకు గుర్తు రాలేదు! సాబిన్ ఈ శాస్త్రాన్నే పట్టుకుంది. పసిబిడ్డ మెదడు కింది భాగానికి నమూనా చేసింది. దాని మీద రాసిన పుస్తకం 1901లో వచ్చింది. 1902 నుంచి అదే కళాశాలలో పాఠాలు చెప్పింది. పుస్తకంలో ఉందని నమ్మొద్దు, మీ కళ్ళతో చూడండి అన్నట్టుగా ఉండేది ఆమె బోధన.

ఒంట్లో నెత్తురు నాళాలే కాదు, తెల్లని ద్రవం పారే నాళాలు కూడా ఉంటాయి. బోదకాలు పురుగు పాడుచేసేది వీటినే. ఈ నాళాలు సిరల నుంచి చిగురు వేసినట్టు మొలుస్తాయని సాబిన్ చూపింది.

ఆ తర్వాత గుడ్డు పని. మిగతావాళ్ళు చచ్చిన కణాలను చూసేవాళ్ళు. గోడకు ఇటుకలెలాగో ఒంటికి కణాలు అలాగ. సాబిన్ బతికున్న కణాలనే చూడాలనుకుంది. రెండో రోజు గుడ్డులోంచి పలుచని పొర తీసి, గాజు పలక మీద వెచ్చగా ఉంచి, సూక్ష్మదర్శినిలో చూసేది. ఒకసారి రాత్రంతా మేలుకుని చూస్తూ కూర్చుంది. కణాలు గుంపులుగా చేరాయి. గుంపు నడుమ ఖాళీ ఏర్పడింది. అదే నాళమయింది. నాళం గోడలోని కణాలు ఎర్ర కణాలయ్యాయి. చూస్తుండగానే గుండె మొదటిసారి కొట్టుకుంది. ఈ పరిశోధన వివరాలు 1920లో అచ్చయ్యాయి.

మనం పుట్టాక నెత్తురు తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. ఒక్కో ఎర్ర కణం 120 రోజులే బతుకుతుంది. కొత్తవి పుడుతూనే ఉండాలి. వాటికి తల్లులు మూలకణాలు. పెరుగు వాడుకున్నా రేపటికి తోడు మిగుల్చుకుంటాం కదా. మూలకణాలు కూడా అంతే. కొన్ని నెత్తురు కణాలుగా మారతాయి, కొన్ని మూలకణాలుగానే మిగులుతాయి. కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు 1961లో ఎలుకల మీద పరీక్షలు చేసి దీనికి దారి చూపారు. ఇప్పుడు నెత్తురు క్యాన్సరు, తలసీమియా ఉన్న కొందరికి వేరొకరి మూలకణాలు ఎక్కించి బతికిస్తున్నారు. మోకాళ్ళ నొప్పి నుంచి పక్షవాతం దాకా అన్నీ వీటితో నయం చేస్తామని డబ్బు గుంజేవాళ్ళూ ఉన్నారు. అలాంటివి చాలావరకు ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి.

సాబిన్ సంగతికి వస్తే, 1917లో ఆమె శాఖకు పెద్దగా ఉన్న మాల్ అనే ఆచార్యుడు చనిపోయాడు. ఆ కుర్చీ ఆమెదే అనుకున్నారు. ఆమె దగ్గర చదువుకున్న మగవాడికిచ్చారు. విద్యార్థులు ఇది అన్యాయమన్నారు. పరిశోధన సగంలో ఉందని ఆమె అక్కడే ఉండిపోయింది. ఆ ఏడే ఆమెను ప్రొఫెసరును చేశారు. ఆ కళాశాలలో ప్రొఫెసరయిన మొదటి ఆడమనిషి ఆమే. 1925లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలో సభ్యురాలయిన మొదటి స్త్రీ కూడా ఆమే.

ఉద్యోగం మానేసి సొంత రాష్ట్రం కొలరాడో చేరాక, 1944లో ఆరోగ్య కమిటీలో వేశారు. ముసలావిడ, ఏం గొడవ చేస్తుందిలే అనుకున్నారట. ఆమె మంచు పడుతున్నా జిల్లా జిల్లా తిరిగింది. పాలు ఎలా ఉన్నాయి, నీళ్ళు ఎలా ఉన్నాయి, క్షయ ఎంతమందికి ఉంది అని అడిగింది. 1947లో కొత్త ఆరోగ్య చట్టాలు చేయించింది.