ప్రతిధ్వనియు కాలేయవ్యాధియు

బావిలోనికి వంగి కేక వేసినచో, అది ప్రతిధ్వనియై మరలివచ్చు కాలమునుబట్టి నీటిలోతును గణింపవచ్చునని మన పై తరగతుల విద్యార్థులు ధ్వనిప్రకరణమున చదువుచున్నారు. ఆ లెక్కయే నేడు వైద్యుల చేతిలో, దేహమును కోయకయే, కాలేయపు స్థితిని తెలుపుచున్నది. ఆ విధమును మా చదువరులకు వివరింపదలచితిమి.

జనులు కార్జమని పిలుచు కాలేయము పలుమారులు దెబ్బతిని, చెడినచోట మచ్చలు కట్టి, అంతయు బుడిపెలై గట్టిపడుటకు సిరోసిస్ అని పేరు. ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడగు లెనెక్. 1819వ సంవత్సరమున పసుపువన్నెను దెలుపు గ్రీకుపదమునుండి దానిని గ్రహించెను. 1816లో స్టెతస్కోపును కల్పించినవాడును ఆతడే. కాని కాలేయము గుండెవలె చప్పుడు చేయదు. దానియొద్దకు మనమే ధ్వనిని పంపవలెను.

ఇది త్రాగుబోతుల వ్యాధి యని పలువురు తలతురు. ఆ మాట రోగులయెడ గొప్ప యన్యాయము. హెపటైటిస్ బి, సి అను వైరసులవలనను, కాలేయమున కొవ్వు పేరుకొనుటవలనను, ఎన్నడును సారా ముట్టనివారికిని ఇది వచ్చుచున్నది. తొలుత నొప్పియు తెలియదు. కడుపున నీరు చేరి, కన్నులు పచ్చబడిన పిదప వైద్యుని జూచువారే యెక్కువ.

మన చెవి సెకనుకు 20,000 కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. ఈ పరీక్షకు వాడునది సుమారు 20 లక్షలు మొదలు 50 లక్షల కంపనములు గలది. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు జాక్, పియేరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో నవి కంపించును. అట్టి గుణముగల పలకలే పరికరపు కొనయందుండి, తామే కేక వేసి, తామే ప్రతిధ్వనిని వినును. దేహమున ధ్వనివేగము సెకనుకు 1,540 మీటర్లు. 10 సెంటీమీటర్ల లోతునకు పోయివచ్చుటకు పట్టు కాలమును విద్యార్థులు గణించి చూడవలెను. చర్మముపై జెల్లు పూయుట యెందుకనగా, నడుమ గాలి యున్నచో ధ్వని లోనికి పోక మరలిపోవును.

ఆరోగ్యముగల కాలేయము తెరపై నునుపైన యంచుతో కనబడును. సిరోసిస్ గలవారియందు అంచు ఎగుడుదిగుడుగను, లోపలిభాగము గరుకుగను తోచును. కుడిభాగము క్షీణించుటయు, ప్లీహము పెరుగుటయు, ప్రేగులనుండి నెత్తురు తెచ్చు సిర 13 మిల్లీమీటర్లకు మించి వెడల్పగుటయు, జలోదరమును ఇతర చిహ్నములు. డాప్లర్ పద్ధతిచే ఆ సిరలో నెత్తురు మందగించుటయు, కొందరిలో వెనుకకు పారుటయు గూడ తెలియును.

అయినను తొలిదశలో నీ చిహ్నములేవియు లేకపోవచ్చును. చిత్రము బాగున్నదని చెప్పినంతమాత్రమున కాలేయము బాగున్నదని నిశ్చయింపరాదు. సూదితో ముక్క తీసి చూతమన్న, అది కాలేయమంతటిలో సుమారు 50,000వ వంతు మాత్రమే. నొప్పియు, కొంత రక్తస్రావభయమును గలవు.

ఈ లోపమును తీర్చుటకు 2003లో ఫ్రాన్సుదేశమున నొక పద్ధతి వెలువడెను. ప్రక్కటెముకల నడుమ చర్మముపై మెల్లగా తట్టి, ఆ కదలిక కాలేయములో నెంత వేగముగా సాగునో ధ్వనిచే కనిపెట్టుదురు. తంబుర తీగను బిగించినకొలది కంపనము వేగముగా నడచునట్లే, గట్టిపడిన కాలేయములోను జరుగును. వేగము రెండింతలైన గట్టిదనము నాల్గింతలు. మంచి కాలేయమున నిది సుమారు 5 కిలోపాస్కల్‌లు. 10కి లోపడిన సామాన్యముగా భయములేదు. 15 దాటిన వ్యాధి ముదిరినదని గట్టి యనుమానము. భోజనానంతరము నెత్తురు హెచ్చి కొలత పెరుగును గావున, పరీక్షకు ముందు మూడుగంటలైనను ఏమియు తినరాదు. కామెర్లతో కాలేయము వాచియున్నపుడును కొలత తప్పుదారి పట్టించును. కడుపున నీరున్నచో నా తట్టు లోనికి చేరనే చేరదు.

సిరోసిస్ నిర్ణయమైనవారు తమకు బాగుగనే యున్నదని తోచినను, ఆరునెలల కొకమారు స్కానింగు చేయించుకొనవలెనని వైద్యులు చెప్పుదురు. అట్టి కాలేయమున క్యాన్సరు పుట్టవచ్చును. గడ్డ చిన్నదిగా నున్నపుడే కనబడినచో కోసి తీయుటకో, వేడిచే మాడ్చుటకో వీలుండును.