ఆద్యంతపరీక్షలు – దోషాన్వేషణము

వెబ్ అనువర్తనమును నిర్మించినవారు, దానిని ఉపయోగించువాని రీతిగనే బ్రౌజరునందు మొదటినుండి తుదివరకు నడిపి చూచుటకు ఆద్యంతపరీక్ష యని పేరు. పుటను తెరచుట, పేరు వ్రాయుట, మీట నొక్కుట, వచ్చిన ప్రత్యుత్తరమును సరిచూచుట – ఈ పనులన్నియు మనుష్యునికి మారుగా నొక ప్రోగ్రాము చేయును. 2004వ సంవత్సరమున పుట్టిన సెలీనియము, 2020లో వెలువడిన ప్లేరైటు మొదలగునవి ఇందులకు సాధనములు.

పరీక్ష తప్పినపుడు దోషము అనువర్తనమందున్నదా, సర్వరునందున్నదా, లేక పరీక్షయందే యున్నదా యని నిర్ణయించుట కష్టము. ఒకమారు నెగ్గి వేరొకమారు తప్పు పరీక్షయైనచో చిక్కు మరింత హెచ్చును. ఇందుకు దృష్టాంతముగా మా తరగతిలో జరిగిన సంగతి చెప్పెదము.

గ్రంథాలయపు పుస్తకములను ఇంటినుండియే కోరుకొనుటకు మా పదవ తరగతివారు ఒక పుటను తయారుచేసిరి. దాని పరీక్ష ఇరువదిమారులలో రెండుమూడుమారులు తప్పుచుండెను. ఒక విద్యార్థి, మీట నొక్కుటకు ముందు అయిదు సెకండ్లు ఆగవలెనని అందు వ్రాసెను. అటుపిమ్మట పరీక్ష ఎన్నడును తప్పలేదు. మేమును మెచ్చుకొంటిమి.

అర్ధసంవత్సర పరీక్షలకు ముందు ఒక బాలుడు వచ్చి, "అయ్యా, మా ఊరినుండి ఫోనులో మీట నొక్కితిని, పుస్తకము వేరొకరి కిచ్చినారు" అనెను. పట్టికలో వాని పేరు లేదు. మరచిపోయి నెపము చెప్పుచున్నాడని తలచి, తరగతి యెదుటనే వానిని మందలించితిమి. రెండు దినములకు ఆ యూరి బాలిక యొకతె అదే మాట చెప్పెను. అప్పుడు మాకు కన్ను తెరపి కలిగెను.

మొట్టమొదట ఆ అయిదు సెకండ్ల విరామమును తీసివేసితిమి. తప్పినప్పటి సందేశమును పూర్తిగా చదివితిమి: "మీ పేరు నమోదైనది" అను వాక్యము పుటలో కానరాలేదని యుండెను. బ్రౌజరును కన్నుల యెదుట తెరచి, ఒక్కొక్క మెట్టును ఆపి ఆపి నడిపితిమి, దోషము కనబడలేదు! మెల్లగా నడిపినందున పుటకు కావలసిన వ్యవధి దొరకినదని తరువాత తెలిసినది. పిమ్మట బ్రౌజరులోని పరిశీలన సాధనములచే నెట్‌వర్కు వేగమును తగ్గించితిమి. అంతట దోషము ప్రతిమారును బయటపడెను.

ప్లేరైటు తన ప్రతి చర్యను చిత్రములతోను, సర్వరునకు పోయిన విన్నపములతోను భద్రపరచగలదు. దీనికి ట్రేసు అని పేరు. దానిని తెరచి చూడగా మీట నొక్కబడినది గాని, తరువాత సర్వరునకు ఏ విన్నపమును పోలేదు. కావున సర్వరు నిర్దోషి. మీటయొక్క రూపము ముందుగా వచ్చుచున్నది. నొక్కుటను ఆలకింపవలసిన జావాస్క్రిప్టు వెనుక వచ్చుచున్నది. ఆ నడుమ నొక్కినచో చెవిటివాని ముందు శంఖ మూదినట్లే. మంద నెట్‌వర్కు గల యూరివారికి జరిగిన దిదియే.

జావాస్క్రిప్టు సిద్ధమగువరకు మీటను పనిచేయనీయకుండ నుంచితిమి. మీట ప్రయోగమునకు సిద్ధమగువరకు ప్లేరైటు తానే వేచియుండును గనుక, పరీక్షలో వేరు విరామము అక్కరలేకపోయెను. మంద వేగముతో ఏబదిమారులు నడిపితిమి, ఒక్కమారును తప్పలేదు. ఆ దినముననే, మందలించిన తరగతి యెదుటనే, ఆ బాలుని క్షమాపణ వేడితిమి.

విద్యార్థులారా, ఇందు గ్రహింపదగినవి నాలుగు: తప్పు సందేశమును తుదివరకు చదువుడు, దోషమును ఇచ్ఛవచ్చినపుడు రప్పించు మార్గము కనుగొనుడు, ట్రేసులో ఏ మెట్టువరకు సరిగా నడచెనో చూడుడు, కారణము తెలియక విరామమును పెంచకుడు. పరీక్ష తప్పుట మనకు వచ్చిన హెచ్చరిక. దాని నోరు మూసినచో, ఎక్కడనో ఒక నిరపరాధి దోషి యగును.